ముందు పలక మీద జపాన్

అమెరికా నుంచి కొనుగోలుదారులు వస్తున్నారన్న కబురు అందిన నాటి నుంచి నగమినె ఇసావో గారిని ఒక్కటే దిగులు పట్టుకుంది: వారిని దేని మీద కూర్చోబెట్టడం? హమామత్సు పట్టణంలో ఆయన కర్మాగారం రేడియోలకూ స్పీకర్లకూ పేరుపొందినదే గాని, అక్కడ చెప్పుకోదగిన కుర్చీ ఒక్కటీ లేదు. పనివారివి ముక్కాలి పీటలు. గుమాస్తాలవి కదిలితే కిర్రుమనే ఇనుప కుర్చీలు. ఇక స్పీకర్లను విని పరీక్షించే గదిలో ఆ మాత్రం పీటలైనా లేవు. నేల నిండా గడ్డిచాపలు పరిచి, కాగితపు తలుపులు మూసి, యజమాని మొదలు బంట్రోతు దాకా అందరూ మోకాళ్లు మడిచి చాప మీదనే కూర్చుని వినడం ఆ సంస్థ పుట్టినప్పటి నుంచీ వస్తున్న పద్ధతి.

సముద్రం దాటి వచ్చినవారిని నేల మీద కూర్చోబెట్టడం నగమినె గారి మర్యాదకు సరిపడలేదు. ఆయన స్వయంగా స్టేషను వీధిలోని ఫొటో స్టూడియోకు వెళ్లి, పెళ్లికూతుళ్లను కూర్చోబెట్టి ఫొటోలు తీసే ఎత్తయిన నగిషీ కుర్చీలను బతిమాలి తెచ్చారు. కాళ్లు చాపలను గుచ్చకుండా వాటి కింద మందపాటి చెక్కలు వేయించారు. ఆ అమరికను చూసి కర్మాగారంలో మెచ్చుకోనివారు లేరు. స్పీకర్ల రూపకర్త కువబారా తెత్సుజి కూడా మెచ్చుకున్నాడు. అంతటి తెలివిగలవాడికీ అందులో తప్పేమీ కనిపించలేదు.

అది స్టీరియో రికార్డులు కొత్తగా ఇళ్లలోకి అడుగుపెడుతున్న కాలం. కువబారా వయస్సు నలభై దాటింది. యుద్ధం ముగిసిన తరువాత కొన్నేళ్లు తోక్యోలో అమెరికా సైన్యపు రేడియో కేంద్రంలో పనిచేసి ఇంగ్లీషు నేర్చుకున్నాడు గనుక, అతిథుల రాకనాడు అతడే దుబాసీ. ఆ జత స్పీకర్ల కోసం అతడు ఏళ్ల తరబడి పాటుపడ్డాడు. లోపల కంపించే శంకువు ఆకారపు కాగితాన్ని కొండ మీది ఊళ్లో మల్బరీ బెరడుతో చేయించాడు. చేసిన ప్రతిసారీ చాప మీద కూర్చుని విని, నచ్చక చించి, మళ్లీ చేయించాడు. చివరకు తనకు నచ్చిన జత చేతికి వచ్చింది. కానీ అంతవరకు ఆ కర్మాగారం నుంచి విదేశాలకు వెళ్లిన సరుకంతా ఎవరెవరి పేర్లతోనో వెళ్లింది. కొన్న దుకాణం తన పేరు అచ్చు వేసుకుని అమ్ముకునేది. ఈ ఒక్క సరుకు మాత్రం తమ పేరుతో, తమ దేశం పేరుతో బయటి ప్రపంచంలోకి వెళ్లాలని కువబారా పట్టుదల. ఆ మాట అతడు ఇంట్లో భార్యతో తప్ప ఎవరితోనూ అనలేదు.

వచ్చినవారు ఇద్దరు: చికాగోలో ధ్వని పరికరాల దుకాణాలు నడిపే రాల్ఫ్ డన్‌లీవీ, ఆ వ్యాపారంలో అతనికి సమభాగస్వామి అయిన అక్క ఈడిత్. తమ్ముడు లావుపాటి మనిషి, నోరు ఊరుకోదు. అక్క సన్నగా, నిటారుగా ఉంటుంది. అతని మాటలకు కళ్లెం వేయడం ఆమె పని. గుమ్మం దగ్గర బూట్లు విడవవలసి వచ్చినప్పుడు ఆమె మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు బయటపడింది. ఆ చిల్లు సంగతి కస్టమ్స్ వారికి చెప్పలేదని, ఎవరూ పితూరీ చేయవద్దని ఆమె కువబారాతో గంభీరంగా అన్నది. అతడు దానిని అంతే గంభీరంగా అనువదించాడు. నగమినె గారు వంగి నమస్కరించారు.

టీ తాగడం ముగిశాక రాల్ఫ్ తన తోలుసంచి లోంచి ఒక ఇత్తడి పలక తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద మెలికలు తిరిగిన పాతకాలపు జర్మన్ లిపిలో ‘ష్టైన్‌వాల్డ్’ అని చెక్కి ఉంది.

“దాపరికం లేకుండా చెప్తాను,” అన్నాడు. “మా ఊళ్లో జనానికి జర్మనీ అంటే గురి. ఇంగ్లండ్ అన్నా ఫరవాలేదు. జపాన్ అంటే మాత్రం వాళ్లకి గుర్తొచ్చేది తాళం తిప్పితే గెంతే రేకు కప్ప. చట్టం అడుగుతుంది కాబట్టి మీ దేశం పేరు వెనకాల వేయండి, వైర్లు తగిలించే చోట, చిన్నగా. ముందు మాత్రం ఇది బిగించాలి.”

ఆ మాటలను కొంత మెత్తబరచి చెప్పే అవకాశం కువబారాకు ఉంది. అతడు మెత్తబరచలేదు. రేకు కప్పతో సహా ఉన్నదున్నట్లు జపనీసులోకి మార్చి యజమానికి అప్పగించాడు. నగమినె గారు పళ్ల సందుల్లోంచి గాలి లోపలికి పీల్చి, మెడ పక్కకు వంచి, అది కాస్త ఆలోచించవలసిన విషయమని అన్నారు. ఆ గదిలోని జపాను వారందరికీ ఆయనకు ఎంత కష్టం కలిగిందో అర్థమయింది. ఆర్డరు వదులుకునే ధైర్యం ఆయనకు లేదన్న సంగతి కూడా అర్థమయింది.

దుబాసీ సొంత మాట కలపకూడదు. కువబారా కలిపాడు.

“ఇది మా యజమాని మాట కాదండీ, నా మాట. ముందు వినండి. మీ కొట్లో ఉన్న జర్మన్ స్పీకర్ల కన్నా మావి బాగున్నాయని మీ చెవులకే అనిపిస్తే, ముందు పలక మీద మా పేరు, దాని కింద మా దేశం పేరు ఉండాలి.”

“అనిపించకపోతే?” అన్నాడు రాల్ఫ్.

“మీ పలక మీరే బిగించుకోండి. మేకులు నేనిస్తాను.”

ఈడిత్ పకపక నవ్వింది. “ఒప్పుకో రాల్ఫ్. ఇంతదూరం వచ్చింది టీ తాగడానికా? నేను సాక్షి.”

రాల్ఫ్ చేయి చాపాడు. కరచాలనం అయిన తరువాతనే కువబారా యజమానికి జరిగింది వివరించాడు. తనను అడగకుండా పందెం కాసినందుకు నగమినె గారు చెవులదాకా ఎర్రబడ్డారు గాని, అతిథులకు వినే గదికి దారి చూపారు.

వినే గదిలో నలుగురూ నగిషీ కుర్చీలెక్కారు. అతిథుల సరసన వారి చెవికి అందేట్లు మాట్లాడాలి గనుక కువబారాకూ ఒక కుర్చీ వేశారు. ఎదురుగా నేల మీద నడుమెత్తుకు మించని రెండు స్పీకరు పెట్టెలు ఉన్నాయి. ఈడిత్ తన పెట్టెలోంచి ఒక రికార్డు తీసి ఇచ్చింది. ఎక్కడికి వెళ్లినా సరుకు పరీక్షించడానికి ఆమె దానినే వెంట తీసుకువెళుతుంది. ఒంటరి వయొలిన్, వేరే ఏ వాద్యమూ తోడు లేదు. అందులో కమాను ఎక్కడ తీగను తాకుతుందో, వాయించేవాడు ఎక్కడ ఊపిరి పీలుస్తాడో ఆమెకు కంఠతా వచ్చు.

సూది రికార్డు మీద వాలింది. కొద్దిసేపటికే కువబారా కనుబొమలు ముడిచి పెట్టెల వైపు చూశాడు.

మంద్రస్వరాలు నిండుగానే ఉన్నాయి. కానీ పైస్వరాలు రావలసిన చోట ఏదో మందకొడితనం. తీగ మీద కమాను రాపిడి లేదు. వాయించేవాడి ఊపిరి లేదు. నిన్న సాయంకాలం ఇదే గదిలో ఇవే స్పీకర్లు తళతళలాడుతూ పలికాయి. రాత్రి వానకు కాగితం చెమ్మగిల్లిందా? సూది అరిగిందా? లేక పరాయివారి పక్కన కూర్చున్నందువల్ల తన పని లోపం తన చెవికి ఇప్పుడే తెలిసివచ్చిందా? ఈ చివరి అనుమానం అతణ్ణి తొలిచివేసింది.

“వయొలిన్ మీద దుప్పటి కప్పారా?” అంది ఈడిత్. ఎగతాళి లేదు ఆ గొంతులో, నిజంగానే విచారించింది.

రాల్ఫ్ మాత్రం మంచివాడు కావడం వల్ల ఓదార్పుగా మాట్లాడాడు. ధరకు తగిన సరుకేనన్నాడు. తాను తప్పక కొంటానన్నాడు. జర్మను పేరు ఉంటే ఈ లోటు ఎవరికీ పట్టదని, పైపెచ్చు దానిని ‘గాంభీర్యం’ అంటారని చెప్పి, ఇత్తడి పలకను మళ్లీ సంచిలోంచి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆర్డరు దక్కింది, పేరు పోయింది. ఆ మాటలను కూడా కువబారా పొల్లు పోకుండా అనువదించాడు. అతని గొంతు అతనికే ఎవరిదో అనిపించింది.

నగమినె గారు కుర్చీ దిగారు. అంతదూరం నుంచి వచ్చిన అతిథులకు ఇటువంటి ధ్వని వినిపించినందుకు చాప మీద మోకరిల్లి, చేతులు నేలకు ఆనించి, క్షమాపణ చెప్పడానికి తల వంచారు. యజమాని నేల మీద ఉండగా ఉద్యోగి కుర్చీ మీద ఉండడం జరగని పని. కువబారా కూడా దిగి ఆయన పక్కన మోకాళ్లు మడిచి కూర్చున్నాడు. రికార్డు ఇంకా తిరుగుతూనే ఉంది.

అతడు కూర్చోవడమే తడవుగా వయొలిన్ మీది దుప్పటి ఎవరో లాగివేసినట్లయింది. తీగ మీద కమాను రాపిడి గరుకుగా, స్పష్టంగా వినిపించింది. వాయించేవాడు ఊపిరి పీల్చాడు.

“తల వంచవయ్యా,” అన్నారు నగమినె గారు నేల వైపే చూస్తూ, పెదవులు కదలకుండా.

కువబారా తల వంచలేదు. మోకాళ్ల మీద లేచాడు, వయొలిన్ మసకబారింది. మళ్లీ కూర్చున్నాడు; వెలిగింది. మళ్లీ లేచాడు.

“ఈయనకేమయింది?” అని ఈడిత్ తమ్ముణ్ణి అడిగింది. “ఇది వీళ్ల ప్రార్థనా?”

కువబారాకు అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. ధ్వనిలోని సన్నని స్వరాలు దీపపు వెలుగులా తిన్నగా ముందుకే సాగుతాయి; మంద్రస్వరాల్లా గదంతా వ్యాపించవు. ఆ సన్నని స్వరాలను పలికించే భాగాన్ని అతడు చాప మీద కూర్చున్న మనిషి చెవికి సరిగ్గా ఎదురుగా అమర్చాడు. అలా అమర్చానన్న సంగతి అతనికే తెలియదు. ఆ గదిలో అంతవరకు ఎవరూ మరొక ఎత్తు నుంచి వినలేదు గనుక దానిని గురించి ఆలోచించే అవసరం కలగలేదు. ఇప్పుడు ఎత్తయిన కుర్చీల మీద, వాటి కింది చెక్కల మీద కొలువుదీరిన అతిథుల తలల కిందుగా ఆ వెలుగంతా వెళ్లిపోతున్నది.

అతడు యజమాని వైపు వంగి, అతిథులను కుర్చీల మీంచి దింపాలని మెల్లగా చెప్పాడు. నగమినె గారు నిర్ఘాంతపోయారు.

“కూర్చున్న అతిథిని లెమ్మంటావా? నేల మీద కూర్చోమంటావా? ఊరంతా తిరిగి తెచ్చానయ్యా ఆ కుర్చీలు.”

“అయ్యా, ఆ కుర్చీలే మన కొంప ముంచాయండీ,” అన్నాడు కువబారా.

ఉద్యోగంలో చేరింది మొదలు అతడు యజమానికి ఎదురు చెప్పడం అదే ప్రథమం. అనుమతి కోసం ఆగలేదు. ఆగితే అది రాదని అతనికి తెలుసు. అతిథుల వైపు తిరిగి, దయచేసి కిందికి వచ్చి చాప మీద కూర్చొని వినవలసిందిగా ఇంగ్లీషులో కోరాడు.

“అదేంటి, ఇప్పుడు మేం క్షమాపణ చెప్పాలా?” అన్నాడు రాల్ఫ్.

ఈడిత్ అప్పటికే లేచింది. కుర్చీ చేయి పట్టుకుని, ఒక్కొక్క మోకాలే వంచుతూ చాప మీదకు దిగింది. “నన్ను మళ్లీ లేపే పూచీ మీదే,” అని కువబారాతో చెప్పి కళ్లు మూసుకుంది. అతడు సూదిని రికార్డు మొదటికి జరిపాడు.

ఆమె ముఖాన్నే అతడు చూస్తూ కూర్చున్నాడు. మొదట కనుబొమలు పైకి లేచాయి. తరువాత తల ఒక పక్కకు వాలింది. ఆ తరువాత ఆమె చేయి తనకు తెలియకుండానే చాప మీద కమాను నడకను అనుసరించసాగింది. రికార్డులో ఒకచోట ఆమె చటుక్కున కళ్లు తెరిచి స్పీకర్ల నడుమ ఖాళీ వైపు చూసింది. అక్కడ మనిషి ఉన్నాడేమోనన్నట్లు చూసింది.

“రాల్ఫ్. దిగు.”

“అక్కా, ఈ ప్యాంటుతో నేను కూర్చోలేను.”

“దిగమన్నానా.”

రాల్ఫ్ దిగాడు. దిగేటప్పుడు ప్యాంటు కుట్లు ఒకచోట పటుక్కుమన్నాయి. కాళ్లు మడవడం చేతకాక బారచాపి, చేతులు వెనక్కి ఆనించి కూర్చున్నాడు. మాటలు ఆగని ఆ మనిషి రికార్డు ఆ వైపు ముగిసేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ముగిశాక రెండో వైపు పెట్టమన్నాడు.

అది కూడా ముగిసిన తరువాత కువబారా పెట్టెల ఎత్తు సంగతి వివరించాడు. రాల్ఫ్ శ్రద్ధగా విని నిట్టూర్చాడు. ధ్వనికి వంక లేదని, తన కొట్లోని జర్మన్ స్పీకర్లు దీని ముందు నిలవవని నిజాయితీగా ఒప్పుకున్నాడు. కానీ చికాగో జనం సోఫాలు వదిలి నేల మీదకు రారు గదా అన్నాడు. కువబారా బయటికి వెళ్లి, రికార్డులు నిలువ చేసే చెక్కపెట్టెలు తెచ్చి, స్పీకర్లను వాటి మీదకు ఎత్తాడు. అతిథులను మళ్లీ నగిషీ కుర్చీలెక్కించాడు. వయొలిన్ అదే తళుకుతో వారి చెవులకు ఎదురుగా నిలిచింది. ప్రతి పెట్టెతోనూ ఇంత ఎత్తు గల కర్రపీట ఒకటి పంపుతామన్నాడు.

ఇక వాదించడానికి ఏమీ మిగలకూడదు. కానీ రాల్ఫ్ వర్తకుడు. ఓడిపోయిన బేరంలో కూడా ఎంతో కొంత వెనక్కి లాక్కోనిదే అతనికి నిద్ర పట్టదు.

“సరే, పందెం పందెమే. మీ కంపెనీ పేరు ముందు వేద్దాం. దేశం సంగతి మాత్రం వెనకే ఉంచుదామండీ. నగమినె అంటే ఫిన్లండేమో అనుకుంటారు. అనుకోనివ్వండి.”

“నువ్వు చేయి కలిపింది నేను చూశాను,” అంది ఈడిత్.

“వ్యాపారం అక్కా ఇది. ధ్వని ఎవడికి తెలుస్తుంది? జనం కొనేది పేరుని.”

కువబారా ఆ మాటలను యజమానికి అనువదించలేదు.  మామూలు గొంతుతో రాల్ఫ్‌ను అడిగాడు.

“డన్‌లీవీ గారూ, కొనేవాడు ఈ పీట ఎందుకని అడుగుతాడు కదా. ఏం చెప్తారు?”

“మీరు చెప్పిందే. వీటిని చేసినవాళ్లు నేల మీద కూర్చుని వింటారు, అందుకని...”

“జర్మన్లా అండీ? జర్మన్లు చాపల మీద కూర్చుంటారని చెప్తారా? లేక ఫిన్లండ్ వాళ్లా?”

రాల్ఫ్ స్పీకర్ల కింది చెక్కపెట్టెల వైపు చూశాడు.

“దేశాన్ని దాచిపెడితే ఈ పీట సంగతి కూడా దాచాలి,” అన్నాడు కువబారా. “బూట్లు బయట విడిచి, చాప మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి వినేవాళ్లు చేసిన స్పీకరు ఇది. అలాంటిది మీ జర్మన్ల దగ్గర లేదు. అమ్ముకోవడానికి ఇంతకన్నా మంచి మాట నేను మీకివ్వలేను. మీరు దాన్ని వెనక పలక మీద, వైర్ల మధ్య దాస్తానంటున్నారు.”

 రాల్ఫ్ కాసేపు స్పీకర్లనూ, చాపలనూ, మేజోళ్లతో ఉన్న తన పాదాలనూ మార్చి మార్చి చూసుకున్నాడు. అప్పుడు అతనిలోని అసలు మనిషి, సరుకును చూడగానే దాని ప్రకటన కళ్లకు కట్టే మనిషి, మేలుకున్నాడు. దుకాణం అద్దాల వెనుక గడ్డిచాప పరచాలన్నాడు. గుమ్మంలో బూట్లు విడవడానికి అర పెట్టించాలన్నాడు. ‘బూట్లు విప్పి వినండి’ అని పత్రికల్లో పేజీ నిండా వేయించాలని, దాని కింద జపాన్ అన్న మాట దూరం నుంచి కనిపించేంత పెద్దదిగా ఉండాలని వరసగా చెప్పుకుపోయాడు. అక్కను నోట్ చేసుకోమన్నాడు. ఆమె తలలోనే నోట్ చేసుకున్నానని, ముందు ఆ ఇత్తడి ముక్క సంచిలో పడేయమని అన్నది. అతడు పడేశాడు.

ఇదంతా కువబారా యజమానికి అనువదించాడు. రేకు కప్ప మాటను మళ్లీ కలపలేదు గాని, మిగిలిందంతా నెమ్మదిగా, ఒక్కొక్క మాట రుచి చూస్తూ చెప్పాడు. నగమినె గారు విని, మళ్లీ చేతులు చాపకు ఆనించి తల వంచారు. అది క్షమాపణ కాదని ఈడిత్‌కు కూడా అర్థమయింది. ఆమె కూర్చున్న చోటనే తనకు చేతనైనంత వంగింది.

కొత్త పలక నమూనా చెక్కి తెచ్చిన రోజున నగమినె గారు దానిని వెలుగులో తిప్పి తిప్పి చూశారు. సంస్థ పేరు కింద జపాన్ అన్న అక్షరాలు కొంచెం గొప్పలు చెప్పుకున్నట్లున్నాయేమో, మరికాస్త చిన్నవి చేయిస్తే అణకువగా ఉంటుందేమోనని అడిగారు. కువబారా పళ్ల సందుల్లోంచి గాలి పీల్చలేదు, మెడ వంచలేదు.

“కుదరదండీ,” అన్నాడు.

యజమాని నమూనాను అతని చేతిలో పెట్టి వెళ్లిపోయారు. అక్షరాలు చెక్కినవి చెక్కినట్లే ఉన్నాయి.

మొదటి సరుకు ఓడ ఎక్కింది. వసంతకాలంలో ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, చికాగో నుంచి తంతి వచ్చింది. నగమినె గారు దానిని అక్కడే, పనివారందరి ఎదుట చదవమన్నారు. కువబారా పీట మీద నిలబడి ఒక్కొక్క వాక్యం జపనీసులోకి మార్చి వినిపించాడు: స్పీకర్లన్నీ అమ్ముడుపోయాయి. ఆదివారం నాడు కూడా గుమ్మంలో బూట్ల కుప్ప. జర్మన్ సరుకు అలమార వెనక్కి జరిపాము. రెండింతలు పంపండి. జనం చాపలు కూడా అడుగుతున్నారు, అవీ పంపండి.

చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ప్యాకింగు గదిలో ఏళ్ల తరబడి పరాయి పేర్ల సరుకు కట్టిన ఆడవాళ్లు అన్నం గిన్నెలు కింద పెట్టి మరీ కొట్టారు. నగమినె గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

“చాపల మీద కూడా దేశం పేరు వేయాలంటావా?” అని గొంతు సవరించుకుని అడిగారు.

“వేద్దామండీ,” అన్నాడు కువబారా. “ముందు వైపే వేద్దాం.”

చాపకు ముందు ఏదో వెనుక ఏదో ఆ గదిలో ఎవరూ అడగలేదు.